డాక్టరమ్మ సంతకం కాకముందే

వీధిలో అందరికీ ఆయన సూది బాబాయి. ముప్పయ్యేళ్లుగా ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తున్నాడు. చెయ్యి ఎంత తేలికో నోరు అంత తేలిక. డాక్టరమ్మ సంతకం కాకముందే ఫలితం సగం వీధికి తెలిసిపోయేది. పెద్దాయన గదా అని ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఎదురింట్లో బట్టలు కుట్టే చెల్లెమ్మ కూతురికి పదిరోజులుగా జ్వరం, గొంతునొప్పి, మెడకింద బిళ్లలు. పిల్ల రక్తపుచుక్కను గాజుపలక మీద పరిచి, రంగువేసి, మైక్రోస్కోపులో చూశాడు. తెల్లకణాలు పెద్దపెద్దవిగా, వికారంగా ఉన్నాయి. డాక్టరమ్మ మర్నాటికి గానీ రాదు. తిన్నగా వరండాలోకి వెళ్లి తల్లి చెవిలో అనేశాడు.

"గుండె రాయి చేసుకో అమ్మా. బ్లడ్ క్యాన్సర్‌లా ఉంది."

మర్నాడు డాక్టరమ్మ ఆయన్ని పిలిచింది.

"కళ్లజోడు తుడుచుకుని చూడండి బాబాయ్. క్యాన్సర్ కణాలైతే చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇవి ఒక్కోటి ఒక్కో తీరు. రక్తం తగ్గలేదు, ప్లేట్‌లెట్లూ బాగున్నాయి. ఇంకో పరీక్ష కూడా చేయించాను, వైరస్ జ్వరమే. ఎవరికీ ఏమీ చెప్పలేదుగా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు.

సాయంత్రం ఎదురింటి గడప ఎక్కేసరికి పిల్లకు నడుందాకా ఉండే జడ తెగి కుట్టుమిషను మీద పడి ఉంది.

"రండి మామయ్యా," అంది పిల్ల. "ఎలాగూ రాలిపోయేదేగా అని అమ్మ కత్తెరతో నేనే కోసేసుకున్నా."

"క్యాన్సర్ కాదమ్మా. తగ్గిపోయే జ్వరమే. నేనే తొందరపడ్డాను."

తల్లి కూతుర్ని కావలించుకుని ఏడ్చింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఒక్క రోజు ఆగలేకపోయావా అన్నయ్యా?"

వారం తర్వాత మళ్లీ రక్తం చూడాలని డాక్టరమ్మ రమ్మంది. వాళ్లను చూడగానే ఆయన పక్కకు తప్పుకున్నాడు.

"ఇంకెవరినైనా పంపిస్తానమ్మా."

"నువ్వే తియ్యి. నీ చేతికేం వంక లేదు," అంది తల్లి.

పిల్ల చెయ్యి చాపింది. "మామయ్యా, ఈసారి కూడా అమ్మ చెవిలో ఏమైనా చెప్తారా? ఇంకా కాస్త జుట్టు మిగిలింది."

వరుసలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయన మోచేతి మీదే చూపు నిలిపి సూది గుచ్చాడు. పని అయ్యాక కూడా ఆ పిల్ల తల వైపు చూడలేకపోయాడు.