గడ్డి కాల్చని ఆదర్శ రైతు

మా మామగారికి మైకు దొరికితే చాలు, భూగోళాన్ని భుజాన వేసుకుంటారు. చిట్యాల దగ్గర మా ఊరికి ఒకప్పుడు సర్పంచ్‌గా చేశారు. పదవి పోయినా పెద్దరికం పోలేదు. అందుకే వరి కోతలకు ముందు, గడ్డి కాల్చవద్దని రైతు వేదికలో సభ పెట్టినప్పుడు అధికారులు ఆయన్నే ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. మా గేటు దగ్గర నిలబడితే రైతు వేదిక కనిపిస్తుంది. అయినా కారులోనే వెళ్లారు.

వెనుక ఫ్లెక్సీ కట్టారు. అందులో భూమి గోలీకాయంత, ఆయన ముఖం గుమ్మడికాయంత. ఆయనే ముందు చెయ్యి చాపి, అందరి చేతా ప్రమాణం చేయించారు: పొలంలో గడ్డి కాల్చము, పుట్టబోయే పిల్లలకు మంచి గాలి మిగులుస్తాము. తర్వాత థర్మాకోల్ ప్లేట్లలో బిర్యానీ తిన్నారు. ఆ ప్లేట్లను వేదిక వెనుకే కుప్పపోసి అంటించారు. నేను పాపను ఎత్తుకుని, దాని ముక్కుకు కొంగు అడ్డం పెట్టి ఇంటికి వచ్చేశాను.

పుట్టబోయే పిల్లల మీద ఆయనకు ఎంత ప్రేమో. పుట్టిన పిల్ల సంగతి వేరు. నా బిడ్డకు నాలుగేళ్లు. పొగ తగిలితే ఆయాసం వస్తుంది. నిద్రలో దాని వీపుకు చెవి ఆనించి పిల్లికూతలు వస్తున్నాయా అని వినడం నాకు అలవాటైపోయింది. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ ఈ ఇంట్లో ఎందుకూ పనికిరాలేదు, నా భయం పెంచడానికి తప్ప. పోయిన ఏడు కోతలయ్యాక పాపను దవాఖానలో ఉంచాల్సి వచ్చింది. అందుకే ఈసారి ఒక్కటే కోరాను: మా పడకగది కిటికీ ఎదుటి మడిలో నిప్పు పెట్టవద్దని.

ఊరికే కోరలేదు, దారి కూడా చూపించాను. ఊరి చివర బర్లు సాదుకునే అక్క ఒకామె గడ్డి దొరక్క పరేషాన్‌లో ఉంది. కోత మిషన్ వదిలిన గడ్డిని తామే వచ్చి ఎత్తుకుపోతామంది. మామగారు చూద్దామన్నారు. ఆయన చూద్దామంటే కాదనే అర్థమని నాకు ఇంటి పెళ్లిళ్ల బేరాలప్పుడే తెలియాల్సింది. మర్నాడు అత్తమ్మతో అంటుంటే విన్నాను.

"గియ్యాల గడ్డికని దిగుతరు. రేపు గిది మేం నడిచే తొవ్వ అంటరు. బూడిదైతే అయింది గని, మన పొలంల ఎవ్వని కాలు పడొద్దు."

మా ఆయనకు చెప్తే, నాయినకు ఎదురెట్ల చెప్తం, జర ఊకో అన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో తండ్రి ప్రమాణం చేయిస్తున్న వీడియోకు అప్పటికే దండం బొమ్మ పెట్టి ఉన్నాడు.

కోసిన రెండో రోజు సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే వాసన వచ్చింది. మామగారు గట్టు మీద నిలబడి, ఎటు నుంచి అంటించాలో జీతగాడికి చెయ్యి చాపి చూపిస్తున్నారు. ప్రమాణానికి చాపిన చెయ్యే. కిటికీలు మూసి, తలుపు సందులో తడి చీర కుక్కాను. ఇన్‌హేలర్ పెట్టాను. అయినా పాప ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు కాబట్టి కారు మామగారే తీశారు. భూపాలపల్లి దారి పొడుగునా మడులు మండుతున్నాయి. అద్దాలు ఎక్కించి ఏసీ పెట్టుకుని ఆయన అన్నారు: "సూడు బిడ్డా, ఎంత చెప్పినా ఈ జనానికి బుద్ధి రాదు."

ఆ మాటలో నటన లేదు. నిజంగానే బాధపడుతున్నారు. నాకు అసహ్యం వేసింది అందుకే.

దవాఖానలో పాప ముఖానికి మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని డాక్టర్ అడిగాడు. మా ఇంట్ల బీడీ ముట్టేటోళ్లు లేరని మామగారు ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్పారు.

"బీడీ కాదు సార్," అన్నాను. "ఇంటి ముందటి మడి కాలవెట్టిచ్చిండు. మా మామనే."

డాక్టర్ రాసుకుంటూ ఉండిపోయాడు. పక్క మంచం మీది అవ్వ మాత్రం మామగారిని తెల్ల చొక్కా నుంచి చెప్పుల దాకా చూసింది.

"మనుమరాలి కంటె బూడిద ఎక్కువైందా నాయినా?"

మామగారు బయటికి వెళ్లి నిలబడ్డారు.

పాప తేరుకున్నాక ఇంటికి వచ్చాం. కిటికీ ఎదుటి మడి నల్లగా ఉంది. దాని అవతలి మడిలో గడ్డి ఇంకా అట్లాగే పరిచి ఉంది. ఈసారి నేను ఎవరినీ అడగలేదు. అక్కకు ఫోన్ చేశాను. భార్యాభర్తలు ట్రాక్టర్ తోలుకుని వచ్చారు.

"ఎవలు రమ్మన్నరు?" అన్నారు మామగారు అరుగు మీది నుంచి.

"నేనే మామా. మళ్ల దవాఖానకు ఉరుకుడు నాతోని కాదు."

దవాఖాన మాట వినగానే తగ్గారు. మనుమరాలు గుర్తొచ్చి కాదు, ఆ అవ్వ మాట ఊళ్లోకి వస్తుందేమోనని. కాసేపటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మడిలోకి దిగారు. ఒక గడ్డిమోపు మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. పొద్దుగూకేసరికి అది ఊరి గ్రూపులన్నిటిలో ఉంది: గడ్డి కాల్చని ఆదర్శ రైతు. అంతా చప్పట్ల బొమ్మలే. ఫోటో అంచున కాలిన మడి కొంచెం నల్లగా కనిపిస్తుంది, తెలిసినవాళ్లకు. మా ఆయన దానికీ దండం పెట్టాడు.

ఇప్పుడు ఆ ఫోటోతో కొత్త ఫ్లెక్సీ కొట్టిస్తారట. కొట్టించుకోనీ. ఎండాకాలపు యాసంగి కోతలు దగ్గరపడ్డాయి. కిటికీ ఎదుటి మడికి ముందే రమ్మని అక్కకు చెప్పిపెట్టాను. ఆ పొద్దు ఫోటో కోసం మామగారి తెల్ల చొక్కా కూడా నేనే ఇస్త్రీ చేసి పెడతాను.