మా బావ మోత రూలు

మా బావ లిఫ్టు మెకానిక్కు. పోయి ఏడాది దాటింది. ఆయన గురించి రాస్తానంటే అక్క వద్దంది. "పోయినవాళ్ళ గురించి రాస్తే అందరూ దేవుళ్ళైపోతారు. ఆయన అలాంటివాడు కాదు" అంది. ఆ భయం అక్కర్లేదు. నాకు గుర్తున్న బావ చివరి రోజుల్లో కోపంగానే ఉన్నాడు. ఆ కోపమంతా ఒక ఆట మీద.

ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు: ఎదురుగా గుహ ఉంది, లోపల ఏదో కదులుతోంది, ఏం చేస్తారు? మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. నేను కత్తి దూస్తానని ఒకరంటారు, నేను పారిపోతానని ఇంకొకరంటారు. చెయ్యగలిగారో లేదో పాచికలు తేలుస్తాయి. గెలుపోటములు ఉండవు. ఏళ్ళ తరబడి అదే కథ సాగుతుంది. రూళ్ళు మాత్రం ఒక లావుపాటి పుస్తకంలో ఉంటాయి.

ఆదివారం మధ్యాహ్నాలు అక్కావాళ్ళ ముందుగదిలో ఆడేవాళ్ళం. కథ నడిపేది బావ. అక్క దొంగ పాత్ర. నిజజీవితంలో కూరగాయలవాడు ఒక వంకాయ ఎక్కువేస్తే వెనక్కి వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి. పక్క వీధి పళ్ళ డాక్టరమ్మ గొడ్డలి పట్టే సైనికురాలు. రోజంతా నోళ్ళు తెరవండి తెరవండి అని బతిమాలే ఉద్యోగం కదా, వారానికొకసారి ఎవరినైనా నరకాలని ఆవిడ కోరిక. రిటైరైన డ్రాయింగు మేష్టారు మంత్రగాడు. నేను విలుకాణ్ణి.

మంత్రగాడు గాలికి పడిపోయే రకం. అక్కడే వచ్చేది పేచీ. మా టేబుల్ జట్టులో దెబ్బ తిని పడినవాడు తనంతట తాను లేవకూడదు. ఇంకొకరు తమ వంతు వదులుకుని, వెళ్ళి, వాణ్ణి మోసుకురావాలి. మేమంతా దీన్ని మోత రూలు అనేవాళ్ళం.

"మేష్టారూ, మీరు పడ్డారు" అనేవాడు బావ.

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

మేష్టారు బల్ల చుట్టూ ఒకసారి చూసేవారు. మేమందరం ఎవరి కాగితాలు వాళ్ళం శ్రద్ధగా చదువుకుంటూ ఉండేవాళ్ళం.

"డాక్టరమ్మగారూ, కాస్త మోస్తారా?"

"పోయినవారం మోస్తే ఏమన్నారు? బియ్యం బస్తాలా మోశానన్నారు."

"నేను కాదండీ, అన్నది నా మంత్రగాడు."

"అయితే మా సైనికురాలికి నడుం పట్టేసిందని మీ మంత్రగాడితో చెప్పండి."

ఇలా బతిమాలించుకుని, సాధించి, చివరికి ఎవరో ఒకరు మోసేవాళ్ళం. మేష్టారికి మాత్రం ఇది అవమానంగా ఉండేది. "సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సుద్దముక్క కోసం హెడ్మాస్టర్ని అడుక్కున్నాను. ఇక్కడ కూడా అడుక్కోవడమేనా?" అనేవారు.

అలాంటి రోజుల్లో ఆ పుస్తకం వేసే కంపెనీ రూళ్ళు తిరగరాస్తున్నామని ప్రకటించింది. చిత్తుప్రతి అందరికీ పంపి, ఆడేవాళ్ళ అభిప్రాయాలు అడిగింది. అందులో కొత్తగా పెట్టింది ఇదీ: పడినవాడు తన వంతు రాగానే తనే పాచిక వెయ్యాలి, సగం కంటే ఎక్కువ పడితే లేచి నిలబడతాడు.

మేష్టారు ఆ ముక్క రెండుసార్లు పైకి చదివారు. బావ మొహం ఎర్రబడింది.

"వాడంతట వాడే లేస్తే ఇంక పక్కన నలుగురెందుకండీ? అద్దం ముందు కూర్చుని ఆడుకోమనండి."

"అద్దమైతే నడుం నొప్పి అనదు కదా" అన్నారు మేష్టారు.

అభిప్రాయం చెప్పడానికి కంపెనీ ఫోనులో ఒక ఫారం పెట్టింది. ఒక్కో రూలు పక్కనా ఐదు బొమ్మమొహాలు, నవ్వు దగ్గర్నుంచి ఏడుపు దాకా. బావ ఏడుపుమొహం నొక్కి, తృప్తి చాలక నా వైపు తిప్పాడు.

"ఏం బావమరిదీ, ఇంతకంటే కోపంగా ఉన్నది లేదా?"

"లేదు బావా."

"అడిగేది వాళ్ళే, ఎంత కోపం రావాలో చెప్పేదీ వాళ్ళేనా?"

మొహాల కింద రాసుకోవడానికి చిన్న గడి ఉంది. అందులో ఇన్ని అక్షరాలకు మించి పట్టవు. ఆయన తంటాలు పడి రాసింది 'మనిషిని మనిషి మోసే' దగ్గర ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి ముందు మాటలు తీసేశాడు. ఈసారి కోపం పట్టింది, విషయం పట్టలేదు. అలాగే పంపించి, ఫోను సోఫా మీద పడేసి, స్నానానికి వెళ్ళిపోయాడు.

గోడకు చెప్పుకున్నట్టుందని, ఫోనులోనే ఆ ఆట అభిమానుల గుంపులో రాయడం మొదలుపెట్టాడు. అక్కడ అక్షరాలకు లెక్క లేదు. మోత రూలు తీసేస్తే ఆట ఎందుకు చచ్చిపోతుందో పేజీలకు పేజీలు రాశాడు. డ్యూటీలో కూడా అదే పని. మేడ మీద లిఫ్టు మెషీను గదిలో, గ్రీజు వాసన మధ్య, తాళ్ళు చుట్టుకునే పెద్ద చక్రం పక్కన తిరగేసిన డబ్బా మీద కూర్చుని జవాబులు రాసేవాడు. ఒకసారి నేనేదో పని మీద ఆ బిల్డింగుకి వెళ్ళాను. కింద ఒకావిడ సంచులు పట్టుకుని నిలబడి వాచ్‌మన్‌ని నిలదీస్తోంది.

"లిఫ్టు ఎప్పుడొస్తుందయ్యా?"

"పైన మెకానిక్‌గారు చూస్తున్నారమ్మా."

"ఏం చూస్తున్నాడు?"

"ఫోను చూస్తున్నారు."

ఆశ్చర్యం ఏమిటంటే గుంపులో జనం కదిలారు. అవునవును, మోత రూలే ఈ ఆటకు ప్రాణం అని కొందరు. ఆ దిక్కుమాలిన రూలు వల్లే మా టేబుల్ విడిపోయింది, పోతే పీడా పోయింది అని ఇంకొందరు. ఇది మొదటి ముద్రణలో ఇంకా కఠినంగా ఉండేదని ఒక పెద్దమనిషి చరిత్ర చెప్పాడు. బావ ఉత్సాహం చూడాలి. అన్నం ముందు కూర్చుని కూడా, "చూశావా, చరిత్ర ఉంది దీనికి" అనేవాడు. అక్క కంచంలో చారు పోసేసి వెళ్ళిపోయేది.

ఆ గొడవ చూసి కంపెనీ తరఫున అభిప్రాయాలు చూసే అతను బావకి నేరుగా రాశాడు. మీ వాదన బాగుంది, ఆఖరి సమావేశంలో పెడతాను, ఇప్పుడున్న పుస్తకంలో ఆ రూలు ఏ పేజీలో ఉందో ఫోటో తీసి పంపండి అని.

బావ అందరినీ పిలిచాడు. అది ఆదివారం కూడా కాదు. డాక్టరమ్మ క్లినిక్కుకి తాళం వేసి వచ్చింది. బల్ల మీద పుస్తకం పరిచాడు. అట్ట ఊడి, టేపు వేసి, అంచులు నల్లబడిన పుస్తకం. యుద్ధం అధ్యాయం తీశాడు. లేదు. గాయాల అధ్యాయం తీశాడు. పడినవాడు కదలలేడు, పోరు ముగిశాక విశ్రాంతితో కోలుకుంటాడు అని మాత్రం ఉంది. చివర్లో విషయసూచిక చూశాడు. 'మోత' అని ఉంది. తీస్తే గాడిద ఎంత బరువు మొయ్యగలదో ఉంది.

"చిరిగిపోయిందేమో" అన్నాను.

"పేజీలన్నీ వరసగానే ఉన్నాయి కదయ్యా" అన్నారు మేష్టారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. దానికే నాకు భయమేసింది.

బావ మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అక్క అంది.

"అది పుస్తకంలో ఎందుకుంటుందండీ? మీరు డ్యూటీ నుంచి తెచ్చిందేగా."

"ఏం మాట్లాడుతున్నావు?"

"మొదటిసారి ఆడినప్పుడు నేను పడ్డాను. ఇప్పుడేమవుతుందని అడిగాను. మీరు అప్పుడే షిఫ్టు దిగి వచ్చారు, యూనిఫాం కూడా విప్పలేదు. పుస్తకం వైపు చూడకుండానే, పడినవాడు తనంతట తాను లేవకూడదు, ఇంకొకడు వచ్చి లేపాలి అన్నారు. ఆ రోజు మీవాళ్ళకి ట్రైనింగు ఇచ్చి వచ్చారు."

లిఫ్టు దారికి అడుగున ఒక గుంత ఉంటుంది. మరమ్మతుకి అందులోకి ఒక్కరే దిగకూడదు. దిగినవాడు జారిపడితే, మైకంలో లేచి నిలబడితే, పైనుంచి దిగే బరువు తలకు తగలొచ్చు. అందుకని పడినవాడు పడినచోటే ఉండాలి. పైనున్నవాడు కరెంటు ఆపి, దిగి, ఎత్తుకురావాలి. కుర్రమెకానిక్కులకు బావ ఈ మాట చెప్పీ చెప్పీ నోరు అరగదీసుకున్నాడు. ఆ లావుపాటి పుస్తకం మేమెవరం తెరిచిన పాపాన పోలేదు. ఆయన చదివి చెబితేనే మాకు ఆట. చదివిందేదో, తన నోటి నుంచి వచ్చిందేదో ఆయనకే తెలియకుండా పోయింది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని రూలు కోసం అంతమంది కొట్టుకున్నారు. దానివల్ల టేబుల్ విడిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. డాక్టరమ్మకి ముందు నవ్వొచ్చింది. బావ మొహం చూసి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడే గుంపులో రాశాడు: ఆ రూలు పుస్తకంలో లేదు, పొరపాటు నాది. ఆ తర్వాత వచ్చిన ఎగతాళికి అంతు లేదు. 'లేని రూలు బాబాయి' అని పేరు పెట్టారు. కంపెనీ అతను మర్యాదగానే రాశాడు: ఉన్న రూళ్ళ మీద అభిప్రాయాలే తీసుకుంటున్నాం, కొత్త సూచనలకు గడువు అయిపోయింది.

"తీసెయ్యొద్దు అనడానికి లేదు, పెట్టండి అనడానికి లేదు" అన్నాడు బావ. "ఉన్నదైతే పోట్లాడి ఓడిపోయేవాణ్ణి. ఇది ఓడిపోవడం కూడా కాదు."

మేష్టారు పాపం ఓదార్చబోయారు. "పోనీలెండి. పుస్తకంలో ఎలాగూ లేదు కనక మనమూ వదిలేద్దాం. కొత్తది చూద్దాం."

"ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇన్నాళ్ళూ అన్నారు కదండీ మేష్టారూ, మరి మీ కుందేలుకి ఎన్ని?" అంది అక్క. బావని తను ఎన్నైనా అంటుంది, ఇంకొకరు అంటే ఊరుకోదు.

అంతటితో అయిపోతే బాగుండేది. గుంపులో కొందరు, లేకపోతేనేం, బాగుంది కదా అని ఆ రూలుతో ఆడటం మొదలుపెట్టారు. ఆడి ఊరుకోలేదు. అభిప్రాయాలు పంపారు. మోసేవాడికి బలం ఎంతుండాలి? ఒక వంతు చాలదు, రెండు వంతులు వదులుకోవాలి. మోస్తుండగా బాణం తగిలితే ఎవరికి తగిలినట్టు? ఇద్దరు చెరో చెయ్యీ పట్టొచ్చా? బావ ఒక్కొక్కరికీ జవాబు రాసేవాడు. రాస్తూ తిట్టుకునేవాడు.

"నేను చెప్పింది ఒక్క ముక్క. దానికి ఇన్ని సవరణలేమిటి? ఎక్కడ దొరికారురా బాబూ వీళ్ళు?"

"కంపెనీవాళ్ళు మీ గురించి ఇలాగే అనుకుని ఉంటారు" అన్నాను. నా వైపు గుర్రుగా చూసి మళ్ళీ జవాబు రాయడంలో పడ్డాడు.

చివరికి ఎవరో అడిగారు, గుర్రం మొయ్యొచ్చా అని. అది మేష్టారి కంట పడింది. ఆ ఆదివారం వస్తూనే మంత్రగాడికి ఒక గుర్రం కొనిపించారు.

"గుర్రం మొయ్యొచ్చు" అన్నాడు బావ. "కానీ పడినవాణ్ణి గుర్రం మీద వేసేదెవరు?"

"గుర్రమే వంగుతుంది."

"వంగితే మీరెలా ఎక్కుతారు? పడ్డారుగా."

"దొర్లుతాను."

"దొర్లడమంటే సగం లేవడమే. కుదరదు."

"సగం లేవకూడదని మీరెప్పుడు చెప్పారు?"

"ఇప్పుడు చెబుతున్నాను."

"చూశారా, మీరూ తిరగరాస్తున్నారు."

టీలు చల్లారిపోయాయి. గుహలో ఉన్నదేదో గుహలోనే ఉండిపోయింది. ఇద్దరూ మొహాలు ముడుచుకుని లేచారు. గుమ్మం దాకా వెళ్ళి మేష్టారు వెనక్కి తిరిగి, వచ్చేవారం తేలుద్దాం అన్నారు. తేల్చడానికి బావ లేడు. ఆ వారమే మెట్ల మీద గుండె పట్టేసింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు. లిఫ్టు ఉన్న బిల్డింగులోనే మెట్లెక్కాడు. దాన్ని ఆపి మరమ్మతు చేస్తున్నాడు మరి. ఆ సంగతి ఎవరికి చెప్పుకున్నా ఏం లాభం లేదని తెలిసినా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొత్త పుస్తకం వచ్చింది. అభిమానులు కోరినట్టే మార్చామని మొదటి పేజీలో రాశారు. పడినవాడు తనే పాచిక వేసుకుంటాడు.

చాలాకాలం ఆడలేదు. ఈమధ్య అక్కే పిలిచింది. ఇప్పుడు కథ తను నడుపుతోంది. పుస్తకం మాటే ఎత్తదు. వంటలో ఉప్పులాగా అన్నీ చేత్తోనే వేస్తుంది. పోయిన ఆదివారం మేష్టారు పడ్డారు. అక్క ఆయన వైపు చూసింది.

"కొత్త రూలైతే మీరే పాచిక వేసుకుని లేవచ్చు. గుర్రం ఉంది, వంగుతుంది, దొర్లండి. మీ ఇష్టం మేష్టారూ."

మేష్టారు పాచిక చేతిలోకి తీసుకున్నారు. కాసేపు అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేశారు.

"ఎవరైనా మనిషే రండి" అన్నారు.

డాక్టరమ్మ గుహకు ఆ చివర ఎక్కడో ఉంది. దగ్గర్లో ఉన్నది నేనే. నా వంతు అప్పుడే వచ్చింది. ఎన్ని వారాలుగానో కాచుకున్న బాణం ఎక్కుపెట్టి ఉంది, ఎదురుగా ఆ గుహలోది మొదటిసారి మొహం బయటపెట్టింది.

"ఏరా?" అంది అక్క.

విసుక్కుంటూనే బాణం దించాను.