పదిహేడో పనిముట్టు

ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక రేకుపెట్టె తెరిచి, అందులోని పనిముట్లను ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టుకున్నాడు. రైళ్లు బయల్దేరే ముందు బ్రేకులు చూసే ఫిట్టర్ని నేను. పని అయ్యాక అన్నీ పెట్టెలో పడేసి మూత వేయడమే నాకు అలవాటు.

“ఏటి బాబూ, ఇక్కడెవులట్టుకుపోతారు?” అన్నాను.

“దొంగల బయం కాదు తమ్ముడూ. సరుకులు మోసే ఇమానాల్ని బాగుసేస్తాను. ఓపాలి పని అయ్యాక సూస్తే పదిహేడుకి పదహారే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ లేదు. సరుకు ఎక్కించేసినారు. ఇమానం ఎగరొచ్చని సంతకం ఎట్టీమని ఆఫీసరు మీదమీదకొచ్చినాడు. ఎట్టనన్నాను. రేకులిప్పించి ఎతికితే, తోకని తిప్పే తీగల మజ్జిన దొరికింది.”

“ఆఫీసరేటన్నాడు?”

“గడియారం సూసుకుంటా ఎలిపోనాడు. పైలట్ మాత్రం దాన్ని సొక్కాకి తుడిసి, నా సేతిలో ఎట్టి ఇమానమెక్కినాడు.”

ఆ స్క్రూడ్రైవర్ని నా చేతికిచ్చాడు. నేను దాన్ని పెట్టెలో పెట్టాక “పదిహేడు” అని మూత వేశాడు.

ఆయన పేరైనా అడగలేదు. కొన్నేళ్ల తర్వాత, సిగ్నల్ పడే వేళకి లెక్కపెడితే నా పెట్టెలో ఒక స్పానర్ తగ్గింది. “ఛేడే దావ్, దాదా” అన్నాడు ఫోర్‌మన్, వదిలెయ్యమని. వదల్లేదు. పట్టాల మీదకి దిగి వెతికితే, బ్రేకు కడ్డీ సందులో ఇరుక్కుని కనపడింది.

రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. కిటికీల్లోంచి జనం నన్ను తిట్టుకుంటూ వెళ్లారు. అంత హాయిగా తిట్లు తిన్నది ఆ ఒక్కరోజే.