మొన లేని కత్తి

నడుముకు కత్తి కట్టుకొని కాపురం చేసే ఆడదాన్ని మా గల్లీలో నేనొక్కదాన్నే. మా అత్త బతికి ఉన్నప్పుడు ఇద్దరం ఉండేవాళ్లం. మమ్మల్ని చూసి నవ్విన వాళ్లున్నారు, పక్కకు తప్పుకున్న వాళ్లున్నారు. తప్పుకున్న వాళ్లే ఎక్కువ.

కత్తి అంటే మరీ పెద్దదేం కాదు. అరచేతి పొడవు బ్లేడు, పట్టుకోవడానికి చెక్క పిడి, అంతే. మడత పెట్టే రకం కాదు. మడత కత్తి తెరవాలంటే రెండు చేతులు కావాలి.

"ఒక్క చెయ్యి మిషన్ల ఇరికి ఉంటదే పిల్లా. రెండోది ఏడికెళ్లి తెస్తవ్?" అనేది మా అత్త.

ఆమెకు అది పుస్తకాల్లో దొరికిన జ్ఞానం కాదు. మాది మరాఠీ ఊరు, దాజీ పేట్‌లో టవళ్లు నేసే పాత షెడ్డు. అందరిలాగా మగ్గానికో మోటరు లేదు. ఒకటే మోటరు, పైన పొడుగాటి షాఫ్టు, దాని నుంచి ఒక్కో మగ్గం మీదికి ఒక్కో తోలు పట్టా దిగి, మగ్గం పక్కనున్న చక్రాన్ని తిప్పుతూ ఉంటుంది. స్విచ్చేమో తలుపు దగ్గర. మా అత్త కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆమె జడను ఆ పట్టా లాక్కుంది. మా మామ స్విచ్చు దగ్గరికి ఉరికి మోటరు బంద్ చేసేలోపు జడతో పాటు నెత్తి తోలు కూడా ఊడిపోయింది. కుడి చెవి పైన అరచెయ్యంత మేర వెంట్రుక మొలవలేదు. అక్కడి చర్మం నున్నగా మెరుస్తుండేది. కొంగు జారినప్పుడల్లా సర్దుకునేది, సిగ్గుతో కాదు, ఎండ తగిలితే మండుతుందని.

నేను కోడలుగా వచ్చిన వారానికే ఆమె లేతు షాపుకు పోయి, ఇనుము కోసే రంపపు బ్లేడు ముక్కతో నాకోసం కొత్త కత్తి చేయించింది. ఒర మాత్రం స్వయంగా కుట్టింది. మగ్గంలో నాడెను అటూ ఇటూ కొట్టే తోలు పట్టీ పాతబడితే తీసేస్తారు. బర్రె తోలు, రాయిలాగా ఉంటుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి, కత్తి చుట్టూ మడిచి, మైనం పట్టించిన నూలుతో కుట్టి, ఎండబెట్టింది. ఎండాక ఒరను తలకిందులుగా పట్టుకొని నా ముందు జోరుగా ఊపింది. కత్తి జారలేదు. బొటనవేలితో పిడిని ఇలా నెట్టింది. టక్కున చేతిలోకి వచ్చింది.

"గిట్లుండాలె. ఉరికినా పడొద్దు, పిలిస్తే రావాలె," అంది.

ఎక్కడ కట్టుకోవాలన్న దాని మీద మేమిద్దరం చాలా రోజులు కొట్లాడుకున్నాం. కుడి పక్కన పెడితే కుడి చెయ్యి ఇరుక్కున్నప్పుడు ఎడమ చెయ్యి అందదు. వీపు వెనక పెడితే గోడకు ఒరిగి కూర్చోలేం. నిలువుగా పెడితే కండెలు చుట్టే మిషను ముందు వంగినప్పుడల్లా పిడి పక్కటెముకల్లో పొడుస్తుంది. చివరికి పొట్ట మీద, బొడ్డుకు కాస్త ఎడమగా, అడ్డంగా పెట్టి లంగా బొందుకు బిగించాం. ఏ చెయ్యయినా అందుతుంది. పైన చీర కుచ్చిళ్లు కప్పేస్తాయి, పిడి ఒక్కటే కొంచెం బయటికి కనిపిస్తుంది.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒకసారి కింద పడ్డ కండెల బుట్ట ఎత్తబోతే కత్తి మొన ఒర కుట్టు చీల్చుకొని నా పొట్టలో దిగింది. పెద్ద గాయం కాదు గానీ లంగా అంతా నెత్తురైంది. మా అత్త ఆ రోజే కత్తిని సాన పట్టేవాడి దగ్గరికి తీసుకుపోయి మొనను గుండ్రంగా అరగదీయించింది. అప్పటి నుంచి అది గోరు కొస లాగా మొద్దుగా ఉంటుంది. పదును అంతా అంచుకే.

"మెడకు బట్ట బిగిస్తే నడిమిట్ల దూర్చాలె కదా. మొన ఉంటే గొంతుల దిగుతది. ఈపు దిక్కు తోలుకు ఆనిచ్చి, పదును బయటికి పెట్టి గుంజాలె," అని పాత టవలు నా మెడకే చుట్టి నేర్పింది. కూరగాయలు కోయనిచ్చేది కాదు. నూలు పోగు తెంపడానికి కూడా తీయనిచ్చేది కాదు. దానికి వేరే కత్తెర ఉండేది. వారానికోసారి ఆమే తీసి, నూరి, కొబ్బరినూనె రాసి, తిరిగి ఒరలో పెట్టి ఇచ్చేది. అందుకే అది ఒరలో లేనప్పుడు ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా ఆయనకూ తెలియదు.

ఆయన సంగతి చెప్పాలి. ఆయనకు కోపం ముక్కు మీద కాదు, చేతిలో ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే చెయ్యి, మగ్గం ఆగితే చెయ్యి, కరెంటు పోతే కూడా నా మీదే చెయ్యి. తాగినప్పుడు ఒక రకం, తాగనప్పుడు ఇంకో రకం. తాగనప్పటి దెబ్బలే ఎక్కువ గురి చూసి పడేవి. ఒకసారి నాడె విసిరితే నా మెడ కింది ఎముక విరిగింది. నాడెకు రెండు కొసలా ఇనుప ములుకులు ఉంటాయి. ఇంకో జానెడు పైకి తగిలితే కన్ను పోయేది. కట్టు కట్టిన డాక్టరు ఏమైందని అడిగితే మెట్ల మీద పడ్డానన్నాను. మాకు మెట్లే లేవు.

ఆ రోజు నా చెయ్యి పిడి మీదికి పోయింది. నిజమే, పోయింది. నాకు ఆయనను పొడవాలనిపించింది. మా అత్త మగ్గం అవతల నుంచి చూసింది. దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకొని, "అది గీ పనికి కాదు. మొన లేదు దానికి. పొడిస్తే కములుతది, అంతే. తర్వాత వాడు నిన్ను బతకనియ్యడు," అని గొణిగింది. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

కత్తి ఎందుకో ఆయనకు తెలుసు. తల్లి నెత్తి చూస్తూ పెరిగినవాడు. అయినా నమ్మేవాడు కాదు. పెళ్లాం నడుముకు కత్తి ఉంటే అది తన కోసమేనని ఆయన అనుమానం. "ఏందే, నన్ను సంపనీకే కట్టుకున్నవా?" అంటూ వెక్కిరించేవాడు. వెక్కిరించినంత సేపూ కళ్లు మాత్రం పిడి మీదే ఉండేవి. అయితే ఆ అనుమానం ఆయన చేతిని ఏనాడూ ఆపలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం. రేకుల కింద షెడ్డు కాగుతోంది. ఆయన మెడకు టవలు చుట్టుకొని ముడి వేసుకున్నాడు, చెమట తుడుచుకోవడానికి. మేం నేసిన టవలే. లాగితే చినగదని దుకాణాల వాళ్లకు గొప్పగా చెప్పుకునేవాడు. పొద్దుటి నుంచి మా ఇద్దరికీ గొడవ. నా కండెలు వదులుగా ఉన్నాయని ఒక దెబ్బ, ఎదురు మాట్లాడానని ఇంకో దెబ్బ. నా పెదవి చిట్లి ఉంది. ఆయన నన్ను తిడుతూనే మగ్గం పక్కన వంగాడు. తిట్టు సగంలో ఆగిపోయింది.

టవలు కొస పట్టాలో పడింది. చూస్తుండగానే చక్రానికి చుట్టుకుంది. ఆయన ముఖం చక్రం దగ్గరికి పోయింది. ఒక చేత్తో మగ్గం చట్రం పట్టుకొని వెనక్కి తన్నుకుంటున్నాడు. పట్టా అరుస్తోంది. ఆయన గొంతులోంచి మాత్రం చప్పుడు లేదు. మా అత్త "బంద్ చెయ్యిరో!" అంటూ తనే తలుపు దగ్గరికి ఉరికింది. మధ్యలో నూలు మూటలు అడ్డం.

నేను కత్తి తీశాను.

ఆయన నన్ను చూశాడు. అంత దగ్గరగా ఆయన కళ్లలోకి నేనెప్పుడూ చూడలేదు. వాటిలో నేను ఆయన పెళ్లాన్ని కాదు, పొద్దున కొట్టించుకొని మధ్యాహ్నం కత్తి పట్టుకొని వస్తున్న మనిషిని. పొట్టలో తన్నాడు. పడబోయి చక్రం పక్కన ఆగి, మళ్లీ మీదికి పోయాను. ఖాళీ చేత్తో నా జుట్టు పట్టుకున్నాడు, ముఖం మీద పిడికిలితో గుద్దాడు. ముక్కు చిట్లి నోట్లోకి ఉప్పగా నెత్తురు దిగింది. నేను ఎడమ చెయ్యి ఆయన మెడ కిందికి తోసి, కత్తి వీపును చర్మానికి ఆనించి టవలు కింద దూర్చాను. ఆయన నా మణికట్టు పట్టుకొని మెలిపెట్టాడు. బ్లేడు తిరిగింది. ఆయన దవడ నుంచి చెవి దాకా తోలు తెరుచుకుంది. వేడి నెత్తురు నా మోచేతి దాకా కారింది. ఆయన ముఖం నల్లబడుతోంది, అయినా చెయ్యి వదలడు. ఆ వేళ్లను పళ్లు దిగేలా కొరికాను. వదిలాడు. పదును బయటికి తిప్పి గుంజాను.

మా గట్టి నేత తెగింది. ఇద్దరం నేల మీద పడ్డాం. మోటరు అప్పుడు ఆగింది. షాఫ్టు మాత్రం ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంది, పట్టాతో పైకి పోయిన టవలు ముక్కను రేకులకేసి కొడుతూ.

గల్లీ అంతా తలుపు దగ్గర నిలబడి ఉంది. వాళ్లు చూసింది నెత్తురు, నా చేతిలో కత్తి. దవాఖానకు చేరకముందే మాట చేరింది, పెండ్లాం మొగుని గొంతు కోసిందట అని.

సర్కారు దవాఖానలో డాక్టరు గాయం చూసి పోలీసులకు కబురు పెట్టాడు. వచ్చిన పోలీసు మంచం పక్కన నిలబడి, "కోణీ కేలా?" అని మరాఠీలో అడిగాడు, ఎవరు చేశారని. మా ఆయనకు గొంతు వాచిపోయి మాట రాదు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన చెయ్యి లేపి వేలు నా వైపు చూపించాడు.

నాకు మొదట కోపం రాలేదు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన నమ్మిందే చూపించాడు. ఆ నమ్మకంతోనే నన్ను జైలుకు పంపేవాడు.

పోలీసు నన్ను వరండాలోకి రమ్మన్నాడు. మా అత్త వెంట వచ్చింది. ఆమె కొంగులో ఒక మూట. విప్పితే టవలు పీలిక, పట్టా మసితో నల్లగా, చక్రం అంచు ఒరుసుకున్న గుర్తులతో. తర్వాత నా నడుము నుంచి కత్తి తీసి, పోలీసు వద్దనేలోపే మొనను తన అరచేతిలో పెట్టుకొని గట్టిగా అదిమింది. చెయ్యి గుంట పడింది, తెగలేదు.

"బఘా సాబ్, సూడుండ్రి, మొనే లేదు. దీనితోని ఏం పొడుస్తరు?" అంది. మరాఠీ, తెలుగు కలిపేసి మాట్లాడుతోంది. "వాడు నా కడుపుల పుట్టినోడు. వానికి నా నెత్తి లెక్క అవుతుండె. గీ పోరి వాణ్ని సంపాలనుకుంటే కత్తి తియ్యాల్నా సాబ్? ఊకె నిలవడితే అయిపోతుండె."

పోలీసు చాలాసేపు నా ముఖం చూశాడు, వాచిన ముక్కు, చిట్లిన పెదవి, చిక్కులు పడ్డ జుట్టు. షెడ్డుకు కూడా పోయి చక్రాన్ని చూసి వచ్చాడు. మిషను ప్రమాదమని రాసుకున్నాడు. కత్తి నా చేతిలో పెట్టి, ఇంటికి పొమ్మన్నాడు.

రిక్షాలో మా అత్త నా పక్కన కూర్చుంది. భవాని పేట్ దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"మొన లేదని వానికి ఎర్క కానియ్యకు."

నేను ఆమె వైపు చూశాను.

"నేను కన్న. వాడేందో నాకు ఎర్క. గియ్యాల్టి సంది వానికి నువ్వంటే భయం ఉంటది. ఉండనీ. నేను సచ్చినంక నీకు గదే దిక్కు."

కన్నతల్లి ఆ మాట అనడానికి ఎంత కడుపుకోత కావాలో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు.

ఆయన గొంతు మళ్లీ పూర్తిగా రాలేదు. గరగరమనే గొంతుతోనే ఇప్పటికీ బతుకుతున్నాడు. దవడ మీద మచ్చ ఉంది. ఇంటికి వచ్చిన కొత్తలో ఒకసారి అలవాటుగా చెయ్యి లేపాడు. నేను పారిపోలేదు, పిడి మీద బొటనవేలు పెట్టాను. లేచిన చెయ్యి తల గోక్కుంటూ కిందికి దిగింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా ఒంటి మీద దెబ్బ పడలేదు. ఆయన ప్రాణం నిలబెట్టినందుకు కాదు. తీయబోయి గురి తప్పానని నమ్మినందుకు. నాకు దక్కాల్సింది ఇది కాదని అప్పుడప్పుడు ఒళ్లు మండుతుంది. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతుంది, లేచేసరికి ముఖం వాచి ఉండదు.

మా అత్త పోయాక కత్తి నూరుకోవడం నా పనే అయింది. ఆయన చాయ్ తాగడానికి నాకా కూడలికి పోయినప్పుడు తలుపు వేసుకొని నూరుతాను. మొన్న తొందరగా తిరిగొచ్చాడు. నేను అప్పటికే ఒరలో పెట్టేశాను. నూనె అంటిన రాయి మాత్రం నేల మీదే ఉంది. ఆయన దాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"పదును పెట్టినవా?" అని అడిగాడు, ఆ గరగర గొంతుతో.

"పెట్టిన."

"మొన గూడనా?"

నేను రాయిని తుడిచి గూట్లో పెట్టాను.

"మొన గూడ," అన్నాను.