భీమిలిలో ఖాదర్ మేస్త్రీ రుద్దిన గోడలు

అవి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. గోదావరి వైపు నుంచి వచ్చి విశాఖ పాత ఊళ్ళో అద్దెకుంటూ, ఓ చిన్న కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేసేవాణ్ణి. పక్కింటి ఖాదర్ మేస్త్రీ పాతకాలపు సున్నం పనివాడు. కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి. "సూపు పూర్తిగా పోకముందే బీమిలీల నాను రుద్దిన బంగళా ఓపాలి సూపించు బాబూ" అని నెల్లాళ్ళు నా ప్రాణం తోడేశాడు. చిక్కేమిటంటే, మూడేళ్ళ కిందట ఆ గోడల సున్నం చెక్కించి సిమెంటు పూయించింది నేనే. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఆదివారం ఆరింటికి బస్సెక్కాం. ఆనందపురం మీదుగా తగరపువలసకి గంటన్నర, టిక్కెట్టు రెండు రూపాయల చిల్లర. అక్కడ ఇడ్లీ తిని ఇంకో బస్సు పట్టుకుని భీమిలిలో దిగేసరికి తొమ్మిదయింది. నడుం విరిగింది. రిక్షా అతను మా పని విని నవ్వాడు. "ఏటి బావా, ఆదివారం పూట గోడలు సూడ్డానికొచ్చినారా? ఇంకేటీ పని నేదా?"

ముందు ఒలందా దొరల, అదే డచ్చివాళ్ళ, సమాధులకీ, గడియార స్తంభానికీ, పాత చర్చికీ తిప్పాను, అలిసిపోయి ఇంటికి పోదామంటాడేమోనని. ఆయన ప్రతి గోడనీ తడిమి, సున్నంలో కరక్కాయ నీళ్ళు ఎంత పోయాలో, బెల్లం నీళ్ళు ఎంత పోయాలో హుషారుగా చెబుతూనే ఉన్నాడు. ఎండకి సొమ్మసిల్లింది నేను.

పదకొండింటికి ఇక తప్పలేదు. బంగళా వాచ్‌మన్ గేటు తీస్తూ, "సేన్నాళ్ళకొచ్చినారు సార్" అని సలాం కొట్టాడు. మేస్త్రీ నేరుగా హాల్లోకి నడిచి, గోడకి అరచేయి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"సెమ్మ పట్టేసినాది. సిమిట్టు పూసినారు. గోడకి ఊపిరాడతన్నాదా? ఎవుడు సేసినాడీ యెదవ పని?"

"నేనే మేస్త్రీ. కాంట్రాక్టరు చెయ్యమన్నాడు, చేశాను."

"గేటుకాడే తెలిసినాది. నువ్వు సెప్తావో నేదో అని సూసినాను." గోడ మీంచి చెయ్యి తీసి అడిగాడు. "ఏ మూలైనా సిన్న ముక్క సెక్కకుండా వొగ్గేసినావా బాబూ?"

"లేదు."

తిరుగు బస్సులో ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దిగేటప్పుడు నా చెయ్యే పట్టుకున్నాడు, సిగ్గుతో చచ్చిపోయాను. పని బాగా చేశావని ఆ గోడలకే కాంట్రాక్టరు నన్ను మెచ్చుకున్నాడు మరి.

భీమిలి వెళ్ళేవాళ్ళు తొలి బస్సుకే బయల్దేరండి, పది దాటితే ఎండ తట్టుకోలేరు. పాత ఇల్లు కనబడితే లోపలి గోడకి అరచేయి ఆనించి చూడండి. పొడిగా, చల్లగా ఉంటే సున్నం. చెమ్మ తగిలితే, మీకంటే ముందు నాలాంటివాడు వచ్చిపోయాడన్నమాట.