గార్డు మామ పట్టిన పచ్చజెండా

1989 శీతాకాలం. హిందీ ప్రాంతంలో ఒక రైల్వే ఊరి శివారు సిర్గిట్టిలో నా మోటారు గ్యారేజీ అప్పటికి బాగానే నడుస్తోంది. మోప్కా అనే పల్లె అవతల ఖాళీ మైదానంలో ఊళ్లో మోటారు క్లబ్బువాళ్లు కార్ల రేసులు మొదలుపెట్టి, స్క్రూటినీకి నన్ను పెట్టుకున్నారు. అంటే రేసుకు ముందు ప్రతి బండి బానెట్ ఎత్తి చూడడం. ల్యాపులు, అంటే చుట్లు లెక్కపెట్టడమూ నా పనే. ఇవి స్టాక్ కార్ల రేసులు: రోడ్డు మీద తిరిగే మామూలు బండే తేవాలి, ఇంజను మార్చకూడదు. సగం మంది స్టేషన్ స్టాండు టాక్సీవాళ్లే. పొద్దున రేసు, సాయంత్రం అదే బండిలో సవారీ.

సీజనుకు ఆరు రేసులు. గెలిచినవాడికి పది పాయింట్లు, రెండోవాడికి ఆరు, మూడోవాడికి నాలుగు, ఎలాగోలా చేరిన మిగతావాళ్లకు ఒకటి. దారిలో ఆగితే సున్నా. అన్నీ కలిపి ఎవరికి ఎక్కువొస్తే వాడు ఛాంపియన్. బహుమతి ఇంజను ఓవర్‌హాల్: మొత్తం విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ కట్టడం. విడిభాగాలు క్లబ్బువి, చాకిరీ నాది.

ఆ బహుమతి అందరికంటే అప్పలస్వామికి అవసరం. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్లది. క్వార్టర్లో పెరిగాడు కానీ రైల్వే ఉద్యోగం రాలేదు. ఇల్లు గడిచేది పాత టాక్సీ మీదే. దాని పొగ చూసినా, మోత విన్నా స్టీమ్ ఇంజను వస్తోందనుకోవాలి. గెలవాలని తొక్కకు, చేరాలని నడుపు అని చెప్పాను. బుద్ధిగా విన్నాడు. ఒక్క రేసూ గెలవలేదు, ఒక్కదాన్లోనూ ఆగలేదు. పోటీ అంతా బట్టల వ్యాపారి దూబేతో. ఆయనది కొత్త బండి, కుదురు లేని కాలు. అయితే గెలుపు, లేకపోతే రేడియేటరు మరిగి గట్టు పక్కన. ఆఖరి రేసు దూబే గెలిచినా సరే, మూడో స్థానం దక్కితే అప్పలస్వామే ఛాంపియన్.

ముగింపు గీత దగ్గర జెండాలు పట్టేది అప్పలస్వామి మేనమామ సూర్యనారాయణ గారు, రిటైరైన గార్డు. ఆఖరి రేసులో దూబే ముందొచ్చాడు. రేసు అయిందనడానికి గుర్తయిన గళ్ల జెండా ఊపారు. రెండో బండికీ ఊపారు. మూడోది మేనల్లుడిది, పొగలో మునిగి వచ్చింది. అది చూసి మామ గారికి ఏమైందో, గళ్ల జెండా చంకలో పెట్టి పచ్చజెండా చాపేశారు. రైలు స్టేషన్ దాటేటప్పుడు అంతా సవ్యమేనని గార్డు ఇచ్చే "ఆల్ రైట్" అది. నౌకరీ అంతా అలవాటైన చెయ్యి. పచ్చ అంటే పదమని క్వార్టర్లో పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? అప్పలస్వామి ఆగకుండా ఇంకో చుట్టు పట్టాడు. సగంలో ఇంజను సీజయింది, అంటే లోపల ఇనుముకి ఇనుము పట్టేసింది.

నేను వెళ్లేసరికి స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. "బండి పోనాది అన్నియ్యా. రేపు స్టాండుకి ఏటి తీసుకెళ్తాను?" అన్నాడు.

ఇటు గీత దగ్గర గొడవ. గళ్ల జెండా పడలేదు కనక చేరనట్టే, సున్నా వెయ్యమంటారు దూబే మనుషులు. చుట్లన్నీ పూర్తయ్యాయంటాను నేను. సూర్యనారాయణ గారు ముందు వాళ్లకి హిందీలో చెప్పి, తర్వాత నా వైపు తిరిగి అదే మాట తెలుగులో అన్నారు.

"గార్డు పచ్చజెండా పట్టేడంటే ఏటి? బండి మొత్తం సేమంగా దాటీసిందని. దాటినాది కదా. ఆ తర్వాత జరిగింది నా తప్పు, ఆడిది కాదు."

చూడవచ్చిన వాళ్లలో చాలామంది రైల్వేవాళ్లే. నవ్వులు మొదలయ్యాయి. చివరికి దూబే కూడా నవ్వేశాడు. "అచ్ఛా, గార్డు సాబ్ ఆల్ రైట్ ఇచ్చాక ఆపడానికి నేనెవణ్ణి?" అని హిందీలో అని, తన మనుషుల్ని వెనక్కి పిలిచాడు. నేను మూడో స్థానం రాసేశాను. ఆ క్షణంలో దూబే మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

ఒక్క రేసూ గెలవని ఛాంపియన్ ఇంజను విప్పితే బేరింగులు అరిగి రేకుల్లా ఉన్నాయి. ఎప్పుడో ఆగాల్సింది. బాలింతను నడిపించినట్టు సీజనంతా నడిపించుకొచ్చాడు. కొత్తగా కట్టి తాళం తిప్పాను. అప్పలస్వామి మొహంలో కంగారు.

"ఏటీ ఇనబడట్లేదు అన్నియ్యా, స్టార్టయినాదా?"

అయిందన్నాను. కళ్లు తుడుచుకుని, అటు నుంచి అటే స్టాండుకి పోయాడు. ఆ తర్వాత గ్యారేజీకి ఎవరు వచ్చి బండి ఎంత స్పీడు పోతుందని అడిగినా నాకు చిరాకే. ఎక్కడిదాకా వెళ్లాలో ముందది చెప్పు నాయనా, అంటాను.