తాళం వేసిన స్విచ్

మా తమ్ముడు పోయాడు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో, మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో, నీళ్ల మోటారు బాగుచేస్తుండగా కరెంటు తగిలి.

ఆ ఉదయం అన్ని ఉదయాల్లాంటిదే. నేను పూజకు కూర్చోబోతే దేవుడి గదిలో లైటు వెలగలేదు. కింది ఫ్లాటులోనే తమ్ముడు వాళ్లుంటారు. పిలిస్తే కాఫీ గ్లాసుతోనే పైకి వచ్చాడు. జేబులోంచి టెస్టర్ పెన్ను తీశాడు. వైరును ముట్టుకోనక్కర్లేదు, దగ్గర పెడితే చాలు, కరెంటుంటే కూస్తుంది. ముందు ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర పెట్టాడు, కూసింది. దేవుడి గదికి సప్లై ఆపి అక్కడి వైరు దగ్గర పెట్టాడు, కూయలేదు. మళ్లీ వెళ్లి ఫ్రిజ్ దగ్గర చూసుకున్నాడు.

"దేవుడి గదిలో కూడా నమ్మకం లేదట్రా?"

"దేవుణ్ణి నమ్ముతానక్కా. పెన్నునే నమ్మను. బ్యాటరీ అయిపోయినా అది ఊరుకునే ఉంటుంది."

సైన్యంలో ఎలక్ట్రీషియనుగా చేసి వచ్చినవాడు. ఇనప పైపులో దూర్చిన వైరు సంగతి పెన్నుకు తెలియదనీ, కూయలేదు కదా అని చెయ్యి పెట్టకూడదనీ అందరికీ చెప్పేవాడు. పెన్ను చెప్పేది ఆ క్షణం మాటేనట, తర్వాత ఎవరైనా స్విచ్ వేస్తే అంతేనట. అందుకే మెయిన్ ఆపితే దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు. 'ఫౌజీ అంకుల్ కా తాలా', మిలిటరీ అంకుల్ తాళం అని ఇక్కడివాళ్లు నవ్వేవారు.

ఆ రోజూ మోటారు దగ్గరికి దిగేముందు వేశాడు. ఆ మెయిన్ మీదే లిఫ్టు కూడా నడుస్తుంది. తన ఇంటికొచ్చిన చుట్టాలు కింద నిలబడిపోయారని, మా సొసైటీ సెక్రటరీ గార్డు చేత తాళం పగలగొట్టించి స్విచ్ వేయించాడు. తాళం ఎందుకు వేశారో, లోపల ఎవరున్నారో అడగలేదు. గార్డే ఏడుస్తూ చెప్పాడు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన చొక్కా జేబులో తాళంచెవి ఉంది.

మధ్యాహ్నం సెక్రటరీ పెద్ద పూలదండతో వచ్చి సోఫాలో కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు.

"దీదీ, ఉమ్ర్ హో గయీ థీ. అంకుల్ నే ఠీక్ సే చెక్ నహీ కియా హోగా."

వయసైపోయిందట, సరిగ్గా చూసుకోలేదట. నేను తాళం మాటెత్తితే, అవన్నీ ఇప్పుడెందుకు, సొసైటీ పేరు పోతుందన్నాడు. క్లబ్‌హౌస్‌లో సంతాపసభ పెట్టిస్తాడట, తనే మాట్లాడతాడట. ఆయన వెళ్లాక ఆ గ్లాసు కడగబుద్ధి కాలేదు. చెత్తబుట్టలో పడేశాను.

సాయంత్రం ఇంటివాళ్లం అందరం కూర్చున్నాం. ఇక్కడే బతకాలి కదా, వదిలేయమన్నారు కొందరు. మా మరదలు అప్పుడు తలెత్తింది.

"ఆయన చూసుకోలేదని మాత్రం ఎవరూ అనకూడదు వదినా."

పోలీసులకు ఫిర్యాదు చేయాలని, ఆ సభకు ఎవరమూ వెళ్లకూడదని నిర్ణయించుకున్నాం. పూలదండను తీసి గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టించాం.